సిజేరియన్ తర్వాత మళ్లీ గర్భమా? తొలి స్కానింగ్ ఆలస్యం చేయొద్దు

మొదటి కాన్పు సిజేరియన్. మళ్లీ నెల తప్పింది, కిట్‌లో రెండు గీతలు వచ్చాయి. 'స్కానింగ్ మూడో నెలలో చేయిద్దాంలే' అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. సిజేరియన్ అయిన వాళ్లు మాత్రం అన్నాళ్లు ఆగకూడదు.

మామూలుగా గర్భం గర్భసంచి పైభాగంలో నిలుస్తుంది. సిజేరియన్ కోత పడేది కింది భాగంలో, ముందు గోడ మీద. కొందరిలో ఆ కోత మానిన చోట గోడ పలచబడి చిన్న గుంటలా మిగులుతుంది. పిండం అక్కడే అతుక్కుంటే దాన్ని సిజేరియన్ స్కార్ ప్రెగ్నెన్సీ అంటారు. ఇది దాదాపు 2 వేల గర్భాల్లో ఒకటని అంచనా. అరుదే కానీ, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. కాబట్టి మన ఇళ్లలో ఈ విషయం తెలిసి ఉండాలి.

ఎలా గుర్తిస్తారు?

కొద్దిగా రక్తం కనిపించడం, పొత్తికడుపు నొప్పి ఉండొచ్చు. కొందరికి ఏ లక్షణమూ ఉండదు. అందుకే 6-7 వారాల్లో లోపలి నుంచి చేసే స్కానింగ్ (ట్రాన్స్‌వజైనల్) ముఖ్యం. గర్భసంచి లోపల, దాని ముఖద్వారంలో ఖాళీగా ఉండి, పిండం తిత్తి పాత కోత దగ్గర కనిపిస్తే అనుమానించాలి. తిత్తికీ మూత్రాశయానికీ మధ్య గోడ ఎంత పలచగా ఉందో కొలుస్తారు. డాప్లర్‌తో చుట్టూ రక్తప్రసరణ చూస్తారు. స్పష్టత రాకపోతే ఎమ్మారై అవసరం కావచ్చు. వారాలు గడిచేకొద్దీ తిత్తి పైకి పెరిగి, మామూలు గర్భంలాగే కనిపించి పొరపాటు పడే అవకాశం ఉంది.

ఒక్కోసారి దీన్ని అబార్షన్ అవుతోందని పొరబడతారు. అలా పొరబడి డీ అండ్ సీ చేస్తే తీవ్ర రక్తస్రావం కావచ్చు. గర్భం కొనసాగితే మాయ గోడలోకి చొచ్చుకుపోవచ్చు, గర్భసంచి చిట్లవచ్చు, దాన్ని తీసేయాల్సి రావచ్చు. త్వరగా తెలిస్తే ఇంజెక్షన్, చిన్న ఆపరేషన్ వంటి మార్గాలుంటాయి. గర్భసంచిని కాపాడుకునే అవకాశమూ ఎక్కువ.

ఇంట్లో వాళ్లు ఏం చేయాలి?

పాత సిజేరియన్ సంగతి స్కానింగ్ డాక్టర్‌కు ముందే చెప్పాలి, పాత రిపోర్టులు చూపించాలి. పర్దా విషయంలో ఇబ్బంది ఉంటే లేడీ డాక్టర్ కావాలని అడగండి, అంతేగానీ స్కానింగ్ మానేయొద్దు. స్కాన్ లేకుండా మెడికల్ షాపులో అబార్షన్ మాత్రలు కొని వేసుకోవడం ప్రమాదం. చికిత్స గురించి దీనీ సందేహం ఉంటే రిపోర్టుతో ఆలిమ్‌ను అడగవచ్చు. కానీ ఎక్కువ రక్తస్రావం, తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ముందు ఆసుపత్రికే వెళ్లాలి.