చందాదార్ల పట్టీ

పాత పుస్తకాల మొదట్లో కనిపించే చందాదార్ల పట్టీని మనం చదవకుండానే పేజీ తిప్పేస్తాం. పుస్తకం ఎలా పుట్టిందో పీఠిక దాచినా పట్టీ బయటపెడుతుందని నా అభిప్రాయం. అమెరికా ఇంగ్లండుకు వలసగా ఉన్న కాలంలో వచ్చిన రెండు కీర్తనల పుస్తకాలను తీసుకుని ఈ సంగతి వివరిస్తాను. భక్తి సంగీతంతో మనకేం పని అని కొందరు మిత్రులు అడగవచ్చు. భక్తి మాట అలా ఉంచి, వాటికి డబ్బు ఎవరు పెట్టారో, నష్టం ఎవరి నెత్తిన పడిందో చూద్దాం.

న్యూ ఇంగ్లండు ప్యూరిటన్ల ఆరాధనలో వాద్యాలకు చోటు లేదు, గొంతే ఆధారం. 1640లో కేంబ్రిడ్జిలో అచ్చయిన వారి కీర్తనల పుస్తకంలో మాటలే ఉన్నాయి; బాణీలు 1698 ముద్రణలో చేరాయి. ఒకరు ఒక్కొక్క పాదం చెబుతుంటే సభ అంతా ఎవరికి తోచినట్టు వారు సాగదీసి పాడేది. 1720 ప్రాంతంలో చదువుకున్న మతాచార్యులు దీన్ని నిరసించి, స్వరం చూసి పాడడం నేర్పాలన్నారు. అలా పాటల బడులు వెలిశాయి. ఊరూరా తిరిగే పంతులు, జీతం చెల్లించి నేర్చుకునే పడుచువాళ్ళు: పుస్తకానికి గిరాకీ పుట్టింది ఇక్కడే.

గిరాకీ ఉంటే చాలదు, పెట్టుబడి కావాలి. నాలుగు గొంతుల స్వరాలను రాగి రేకుల మీద చెక్కించాలి, కాగితం కొనాలి. ఇదంతా ఒక్క ప్రతి అయినా అమ్ముడుపోకముందే. అందుకే ముందుగా పత్రికలో ప్రకటన వేసి సంతకాలు సేకరించేవారు. సాధారణంగా సగం ధర సంతకంతో, మిగతా సగం పుస్తకం చేతికందాక. 1759లో కాలేజీ చదువు ముగించిన జేమ్స్ లయన్ అనే యువకుడు 1761లో ఫిలడెల్ఫియాలో 'యురేనియా'ను తెచ్చింది ఈ పద్ధతిలోనే. పట్టీలో 142 పేర్లున్నాయి. అంకితం మాత్రం అమెరికాలోని అన్ని శాఖల మతాచార్యులకూ! ఒక ప్రభువును కాదని ఒక వర్గం మొత్తాన్ని పోషకుణ్ణి చేసుకోవడం తెలివైన పనే.

రెండో రచయిత విలియం బిల్లింగ్స్ బోస్టన్‌లో తోళ్ళు పదునుచేసే పనివాడు. 1770లో వచ్చిన 'న్యూ ఇంగ్లండ్ సామ్ సింగర్'లోని బాణీలన్నీ ఆయన సొంతం. ఒకే అమెరికన్ స్వరకర్త రచనలతో వచ్చిన తొలి పుస్తకం అదే. ముఖచిత్రం చెక్కినవాడు పాల్ రివియర్. 1767 టౌన్షెండ్ చట్టాలు దిగుమతి కాగితం మీద పన్ను వేశాయి. స్వదేశీ కాగితం మీదే అచ్చువేయాలని బిల్లింగ్స్ పద్దెనిమిది నెలలు ఆగాడు. ఆ జాప్యం వల్ల తనకు చాలా నష్టం కలిగిందని, మన్నించమని చందాదార్లకు పుస్తకంలోనే విన్నవించుకున్నాడు. అదే విన్నపంలో ఇంటి ఇల్లాళ్ళను చిరిగిన నారబట్టలన్నీ కాగితపు మిల్లులకు ఇవ్వమని కోరాడు. ఆ రోజుల్లో కాగితం గుడ్డపేలికలతోనే తయారయ్యేది. చందా కట్టినవాడి పేరు పట్టీకెక్కుతుంది. పేలికలు పోగుచేసిన చేతుల పేరు ఎక్కడా ఉండదు. సాహిత్య విద్యార్థులు ఇటువంటి పట్టీని చూసినప్పుడు ఈ రెండో లెక్క కూడా వేసుకోవాలి.

మన వైపు చూస్తే, సుబ్బరామ దీక్షితులు తెలుగులో రాసిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904లో వెలువడింది ఎట్టయపురం జమీందారీ అండతో. అక్కడ ఒక్క ప్రభువు దయ, ఇక్కడ వందమంది సంతకాలు. రెండోది స్వేచ్ఛ అనడానికి నాకు సందేహం లేదు, కాని అది సగం స్వేచ్ఛే. ప్రభువు పోయిన చోట సంత వచ్చింది. సంతలో రచయితకు హక్కు లేదు. బిల్లింగ్స్ తన రచనల మీద హక్కు కోరుతూ మసాచుసెట్స్ శాసనసభకు అర్జీ పెట్టుకున్నాడు. 1772లో సభ బిల్లు ఆమోదించినా గవర్నర్ హచిన్సన్ సంతకం చేయలేదు. అమెరికా మొత్తానికీ వర్తించే చట్టం 1790లో గాని రాలేదు. ఈలోగా ఇతర సంకలనకర్తలు ఆయన బాణీలను పైసా ఇవ్వకుండా అచ్చువేసుకున్నారు. యుద్ధకాలంలో సైనికులు పాడుకున్న 'చెస్టర్' కూడా ఆయనదే. అంత పేరున్నవాడు బతకడానికి వీధుల శుభ్రత చూసే, తిరుగుతున్న పందులను అదుపుచేసే పట్నపు చిన్న ఉద్యోగాలు చేశాడు.

చివరికి బోస్టన్ గాయకబృందాలే పూనుకుని, ఆయనను ఆదుకోవడానికి మళ్ళీ చందాలు పోగుచేశాయి. 1794లో 'కాంటినెంటల్ హార్మనీ' అలా వెలువడింది. పేదరికం మాత్రం తీరలేదు. 1800లో మరణించిన బిల్లింగ్స్‌ను బోస్టన్‌లో పేరు చెక్కని సమాధిలో పాతిపెట్టారు.