నీళ్లలో నిలిచే ఐరిస్ ఏది?

మెషీన్ లెర్నింగ్ నేర్చుకునేవాళ్లలో ఐరిస్ పేరు వినని వాళ్లు అరుదు. ఆ పువ్వును చూసినవాళ్లు ఇంకా అరుదు. వాళ్లు సాధనకు వాడే పట్టిక 1936లో గణాంక శాస్త్రజ్ఞుడు రొనాల్డ్ ఫిషర్ ప్రచురించినది; అందులో 150 ఐరిస్ పూల కొలతలున్నాయి. వాటిని సేకరించింది ఎడ్గార్ ఆండర్సన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు. సెటోసా, వర్సికలర్, వర్జినికా అనే ఆ మూడు జాతులూ తడి నేలను ఇష్టపడేవే. పెరట్లో నీరు ఇంకని మూల ఉన్నవాళ్లకు ఆ పట్టికలో పనికొచ్చే సంగతి అదొక్కటే!

నర్సరీల్లో ఎక్కువగా కనిపించేది వేరే రకం: రేకుల మీద నూగు గడ్డం ఉండే ఐరిస్. అల్లంలా అడ్డంగా సాగే దాని కొమ్ముకు ఎండ తగలాలి. బురదలో పెడితే బాక్టీరియా పట్టి, మెత్తబడి కంపు కొడుతుంది. నీరు నిలిచిన మట్టిలో గాలికి చోటుండదు. పైగా ఆక్సిజన్ గాలిలో కంటే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. వచ్చిన కాస్తనూ సూక్ష్మజీవులు వాడేసుకుంటే వేరుకు ఊపిరాడదు. చిత్తడి జాతులకు ఈ బెడద తక్కువ. వాటి లోపల ఏరెంకైమా అనే గాలి అరల కణజాలం ఉంటుంది. ఆకుల నుంచి ఆక్సిజన్ దాని గుండానే వేళ్లకు దిగుతుంది.

ఇందులో ఆరితేరింది యూరప్‌కు చెందిన పసుపు ఐరిస్, సూడాకోరస్. దాని కొమ్ము ఆక్సిజన్ అసలు లేకున్నా వారాల తరబడి బతుకుతుంది. అమెరికాలో నాటవద్దనడానికి కారణమూ ఆ మొండితనమే: వాగుల వెంట పాకి స్థానిక మొక్కలను తరిమేస్తోంది. మసాచుసెట్స్ వంటి కొన్ని రాష్ట్రాల్లో దాని అమ్మకం నిషేధం. అక్కడ స్థిరపడిన మనవాళ్లకు ఉత్తరాన వర్సికలర్, ఆగ్నేయాన వర్జినికా మేలు. వర్సికలర్ క్యూబెక్ అధికారిక పుష్పం కూడా. వేడి, ఉక్క ఉన్నచోట లూసియానా ఐరిస్‌లను మించినవి లేవని నా అభిప్రాయం. సైబీరియా ఐరిస్‌కు తేమ చాలు, నిలవ నీరు పడదు.

తికమకంతా జపాన్ జాతులతోనే. లెవిగాటా ఏడాది పొడవునా నీళ్లలో ఉండగలదు. ఎన్సాటాకు వేసవిలో నీరు నిలిచినా ఫర్వాలేదు, చలికాలంలో నిలిస్తే కుళ్లిపోతుంది. సున్నపు నేల అసలు గిట్టదు. కొనేముందు ఆకును వేలితో తడమండి. నడుమ ఈనె ఉబ్బెత్తుగా తగిలితే ఎన్సాటా, నునుపుగా ఉంటే లెవిగాటా.