వీడియో పంపితే చాలదు, అవతల తెరుచుకోవాలి

వీడియో తీయడం నేడు ఎవరికైనా సాధ్యమే. తీసిన వీడియో అవతలివారి ఫోనులోనో, కంప్యూటరులోనో, న్యాయస్థానంలోని తెర మీదనో సక్రమంగా కనిపిస్తుందన్న పూచీ మాత్రం ఇప్పటికీ లేదు. ఒకచోట శబ్దం వినిపిస్తుంది, బొమ్మ రాదు. మరొకచోట బొమ్మ వస్తుంది, ఆగి ఆగి కదులుతుంది. ఇంకొకచోట ఫైలును తెరవడం సాధ్యం కాదన్న ఒక్క వాక్యంతో సరి. అది పెళ్లి వీడియో అయితే కొంత చిరాకుతో పోతుంది. పోలీసుల సోదాను చిత్రించినదైతే ఒక మనిషి స్వేచ్ఛే దానిపై ఆధారపడి ఉండవచ్చు.

ఈ చిక్కు కొత్తది కాదు. ఆసియా క్రీడలు జరిగిన 1982లో మన దేశంలో రంగుల టెలివిజన్ ప్రసారాలు ఆరంభమైనప్పుడు దూరదర్శన్ అనుసరించినది పాల్ విధానం. అందులో బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. అమెరికాలో అమలులో ఉన్న ఎన్.టి.ఎస్.సి. విధానంలో 525 గీతలు, సెకనుకు సుమారు 30 ఫ్రేములు. అందువల్ల అమెరికాలో స్థిరపడిన కుమారుడు పంపిన క్యాసెట్ ఇక్కడి మామూలు వి.సి.ఆర్.లో సరిగా ఆడేది కాదు. ఇక్కడ తీసిన పెళ్లి క్యాసెట్ అక్కడా ఆడేది కాదు. రెండు విధానాలనూ చదవగల ఖరీదైన యంత్రాన్ని కొనుక్కోవాలి, లేదా సొమ్ము చెల్లించి క్యాసెట్‌ను మార్పించుకోవాలి. ఆ తరువాత 1993లో రూపొందిన వీడియో సి.డి. కొంత ఊరట కలిగించింది. అయితే ఒక్కొక్క డిస్కులో పట్టేది 74 నిమిషాలే కావడంతో మన సినిమాకు రెండేసి, ఒక్కోసారి మూడేసి డిస్కులు కావలసివచ్చేవి.

క్యాసెట్లు పోయి ఫైళ్లు వచ్చినా చిక్కు తీరలేదు. దానికి మూలం వీడియో పరిమాణంలోనే ఉంది. పూర్తి హెచ్.డి. బొమ్మ అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కల కూర్పు, అనగా ఒక్క ఫ్రేములో 20,73,600 చుక్కలు. చుక్కకు మూడు బైట్ల చొప్పున, సెకనుకు 25 ఫ్రేముల చొప్పున లెక్కవేస్తే ఒక్క నిమిషం దృశ్యం 9 గిగాబైట్లు దాటుతుంది. ఇంత భారాన్ని ఏ ఫోనూ మోయలేదు. కనుక కుదింపు అనివార్యం. పెళ్లి పీటల వెనుక గోడ కదలదు. దానిని ప్రతి ఫ్రేములోనూ మళ్లీ మళ్లీ రాయనవసరం లేదు. మారిన భాగాన్ని మాత్రమే రాసుకుని, కంటికి అంతగా ఆనని సూక్ష్మ వివరాలను వదిలివేస్తారు. ఈ కుదింపు పద్ధతినే కోడెక్ అంటున్నారు. ఏ పద్ధతిలో కుదించారో ఆ పద్ధతి తెలిసిన యంత్రమే దానిని తిరిగి విప్పగలదు.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఎం.పి.4, ఎం.కె.వి., ఎ.వి.ఐ. అని ఫైలు పేరు చివర కనిపించేవి కుదింపు పద్ధతుల పేర్లు కావు. అవి బొమ్మనూ, శబ్దాన్నీ కలిపి ఉంచే సంచుల పేర్లు మాత్రమే. ఎం.పి.4 అనే ఒకే సంచిలో వేర్వేరు కోడెక్‌లతో కుదించిన బొమ్మలు ఉండవచ్చు. పేరు చివరి అక్షరాలను చెరిపి వేరే అక్షరాలు రాసి, ఫైలు మారిపోయిందని భావించేవారు ఉన్నారు. బోర్డు మార్చినంత మాత్రాన దుకాణంలోని సరుకు మారదు కదా!

మరి ప్రపంచమంతా ఒకే పద్ధతిని ఎందుకు అనుసరించదు? సాంకేతిక నిపుణులు చేతగాక కాదు, పేటెంట్ల రుసుము దగ్గర బేరం కుదరక. 2003లో వెలువడిన హెచ్.264 పద్ధతికి సంబంధించిన పేటెంట్లలో చాలా భాగాన్ని ఎం.పి.ఇ.జి. ఎల్.ఎ. అనే ఒకే సంస్థ ద్వారా లైసెన్సు చేశారు. ప్రేక్షకులకు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూపే వీడియోలపై ఎన్నటికీ రుసుము వసూలు చేయబోమని ఆ సంస్థ 2010లో ప్రకటించింది. తత్ఫలితంగా ఆ పద్ధతి చవక ఫోను మొదలు టెలివిజన్ వరకు అన్నింటిలోనూ ప్రవేశించింది. 2013లో వచ్చిన హెచ్.265 దాదాపు అదే నాణ్యతను సగం పరిమాణంలో ఇవ్వగలదు. కానీ దాని పేటెంట్ల యజమానులు పలు వర్గాలుగా చీలి ఎవరి రుసుము వారు అడిగారు. బ్రౌజర్ల తయారీదారులు వెనుకంజ వేశారు. ఈ పేచీ పడలేకనే గూగుల్, అమెజాన్, నెట్‌ఫ్లిక్స్, మైక్రోసాఫ్ట్ తదితర సంస్థలు 2015లో కూటమి కట్టి, 2018లో ఎ.వి.1 అనే కొత్త పద్ధతిని తెచ్చాయి. అయితే దానిని విప్పే ఏర్పాటు పాత ఫోన్ల చిప్‌లలో లేదు.

ఈ లోపల ఆపిల్ సంస్థ 2017 సెప్టెంబరులో విడుదల చేసిన ఐ.ఓ.ఎస్. 11తో, ఐఫోన్ 7, ఆ తరువాతి ఫోన్ల కెమెరాలకు హెచ్.265నే మామూలు పద్ధతిగా నిర్ణయించింది. ఖరీదైన ఫోనుతో తీసిన దృశ్యం పాత కంప్యూటరులో తెరుచుకోకపోవడానికి ప్రధాన కారణాలలో ఇదొకటి. ఆ ఫోను కెమెరా సెట్టింగులలో అన్నింటికీ అనువైన పాత పద్ధతిని ఎంచుకునే వీలున్నది. ఆ సంగతి చాలామందికి తెలియదు.

పంపవలసిన వీడియోను మార్చేందుకు డబ్బు చెల్లించనవసరం లేదు. ఫ్రాన్స్‌కు చెందిన ఫాబ్రిస్ బెలార్ 2000లో ఆరంభించిన ఎఫ్.ఎఫ్.ఎంపెగ్, మామూలు వినియోగదారులకు సులభమైన హ్యాండ్‌బ్రేక్ రెండూ ఉచితమే. బొమ్మకు హెచ్.264, శబ్దానికి ఎ.ఎ.సి., రెంటికీ సంచిగా ఎం.పి.4 ఎంచుకుంటే నేడు వాడుకలో ఉన్న యంత్రాలలో దాదాపు అన్నింటా ఆడుతుంది. లోపలి పద్ధతి సరైనదే అయి సంచి మాత్రమే వేరైతే, సంచిని మార్చడం కొద్ది క్షణాల పని. నాణ్యత ఏమాత్రం తగ్గదు. బొమ్మను మళ్లీ కుదించవలసివస్తే సమయం పడుతుంది, కుదించిన ప్రతిసారీ కొంత వివరం నశిస్తుంది. కనుక వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన కాపీని కాక, కెమెరాలోని అసలు ఫైలునే తీసుకుని మార్చాలి. వెబ్‌కు అనుకూలంగా ఉంచాలన్న గడిని కూడా గుర్తించడం మంచిది. అప్పుడు ఫైలు విషయసూచిక ముందుకు వచ్చి, పూర్తిగా దిగుమతి కాకముందే దృశ్యం మొదలవుతుంది.

అవతల ఉన్నవారికి మార్చే ఓపిక లేకపోతే, పెక్కు పద్ధతులను విప్పగల వి.ఎల్.సి. ప్లేయరు ఉండనే ఉంది. పారిస్‌లోని ఇంజనీరింగ్ విద్యార్థుల కృషి ఫలితంగా పుట్టిన ఈ ఉచిత ప్లేయరు వెబ్‌సైటును మన దేశంలో 2022లో కొన్ని నెలలపాటు నిరోధించడం విచిత్రం. తమ వాదన వినకుండానే నిరోధించారంటూ నిర్వాహకులు అక్టోబరులో లీగల్ నోటీసు పంపారు. నవంబరులో ఆంక్ష తొలగింది.

ఇళ్లలో ఇంతటితో సరిపోతుంది, న్యాయస్థానంలో సరిపోదు. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం ప్రక్రియను పోలీసులు ఆడియో-వీడియో రూపంలో చిత్రించి, జాప్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. అదే రోజు అమలైన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద దాఖలు చేసే ధ్రువపత్రంలో ఫైలు హ్యాష్ విలువను పేర్కొనాలి. హ్యాష్ అనేది ఫైలుకు వేలిముద్ర వంటిది. ఒక్క బిట్ మారినా అది మారిపోతుంది. సదుద్దేశంతోనే అయినా, చూడడానికి వీలుగా మార్చిన కాపీ హ్యాష్ అసలుతో సరిపోలదు. దానినే అసలని దాఖలు చేస్తే ప్రతిపక్ష న్యాయవాది చేతికి ఆయుధం ఇచ్చినట్లే. అందుచేత అసలును తాకకుండా భద్రపరచి, మార్చిన ప్రతిని చూసేందుకు మాత్రమే, ఆ విషయం స్పష్టంగా రాసి, విడిగా జతపరచడమే మార్గం.

నిందితుని వైపునుంచీ ఈ సమస్య ఉన్నది. మెమొరీ కార్డులోని దృశ్యం కూడా దస్తావేజేనని, సాధారణంగా దాని నకలు నిందితునికి ఇవ్వవలసిందేనని, బాధితురాలి గోప్యతకు భంగం కలిగే కేసులలో మాత్రం చూసేందుకు అనుమతిస్తే చాలునని సుప్రీంకోర్టు 2019 నవంబరులో కేరళ కేసులో పేర్కొన్నది. నకలు ఇచ్చారు సరే, అది తెరుచుకోకపోతే ఇచ్చినట్లా, ఇవ్వనట్లా?

సి.సి. కెమెరాల విషయంలో ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. పోలీసు స్టేషన్లన్నింటిలో కెమెరాలు ఉంచి, దృశ్యాలను 18 నెలలు, అందుకు తగిన పరికరాలు దొరకకపోతే కనీసం ఏడాది భద్రపరచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న ఆదేశించింది. కెమెరాలకు జతచేసే రికార్డర్లలో అనేకం తయారీ సంస్థ సొంత పద్ధతిలో దృశ్యాన్ని రాస్తాయి. ఆ సంస్థ ప్లేయరు లేనిదే అవి తెరుచుకోవు. నాలుగైదేళ్ల తరువాత కేసు విచారణకు వచ్చేనాటికి ఆ సంస్థే ఉండకపోవచ్చు. కాబట్టి ఫుటేజీ నకలు తీసుకునేవారు దానిని ఆడించే ప్లేయరు కూడా అదే పెన్‌డ్రైవులో ఉన్నదో లేదో, రికార్డరు ముందు నుంచి లేవకముందే ఒకసారి ఆడించి చూసుకోవాలి.