చందాలకు ముందు నేల చూడాలి

ఊళ్లో కబడ్డీ జట్టు కట్టగానే యువకులు బనియన్లకు చందాలు పోగుచేస్తారు. కుర్రాళ్ల మోకాళ్లను కాపాడేది మాత్రం మెత్తని నేలే. కోతలయిన చేను ఉంటే రైతును అడిగి తీసుకోవచ్చు. కొయ్యకాళ్లు, రాళ్లు ఏరి, మట్టి గుల్లచేసి, రంపపుపొట్టు కలిపి చదును చేయాలి. ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లితే దుమ్ము లేవదు.

జూనియర్ బాలుర బరి పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. మూలమట్టానికి మేస్త్రీల పద్ధతి చాలు. మూల నుంచి ఒకవైపు 3 మీటర్లు, రెండోవైపు 4 మీటర్లు కొలిస్తే ఆ రెండు గుర్తుల మధ్య 5 మీటర్లు రావాలి. గీతలు పూర్తికాగానే మేకులు పీకేయాలి. గీతలకు సున్నం వాడరాదు, కంట్లో పడితే చూపే పోవచ్చు. రాతిముగ్గు మేలు.

దోక్కుపోతే సబ్బునీళ్లతో కడిగి, ధనుర్వాతం సూది కోసం ఆరోగ్య కేంద్రానికి పంపాలి.

జట్టులో 12 మంది ఉంటే బరిలో ఆడేది ఏడుగురే. సాధనలో మిగిలిన అయిదుగురికీ స్కోరు రాయడం, కూతకు 30 సెకన్లు లెక్కచూడడం అప్పగిస్తే వారికి నిబంధనలు వంటబడతాయి.

చివరగా, వసూలైన చందాకు పైసాతో సహా లెక్క రాసి రచ్చబండ దగ్గర అంటించాలి. లెక్క కనబడిన ఊళ్లో మరుసటి ఏడు చేయి చాచే పనిలేదు.