నీటికి "శక్తి" ఎక్కిస్తే శుద్ధి అవుతుందా?

"ఈ గాజు బిళ్ల మీదుగా నీళ్లు పోసుకుని తాగితే కాచనక్కర్లేదట, నిజమేనా డాక్టరుగారూ?" ఓపీలో మాకు తరచు ఎదురయ్యే ప్రశ్న ఇది. ఒకరింట్లో గాజు బిళ్ల, ఒకరి బిందెలో మట్టి గోళీలు, మరొకరి కుళాయికి అయస్కాంతం. వస్తువు ఏదైనా చెప్పే మాట మాత్రం ఒకటే: దీనికి ప్రత్యేకమైన శక్తి ఎక్కించారు, ఆ శక్తి నీటిలోకి దిగి మలినాలను, రోగాలను పోగొడుతుంది, జీవితాంతం పనిచేస్తుంది. అమ్మేవారు కొత్తవారు కారు. బంధువులో, తోటి ఉద్యోగులో, సంఘంలో మన పక్కన కూర్చునేవారో అయి ఉంటారు. అందుకే కాదనడానికి మొహమాటం.

మన నీటిలో ఏముంది?

మనం కృష్ణా కాలువల చివర ఉన్నవాళ్లం. దివిసీమలోను, బందరు చుట్టుపక్కల చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పునీరే పడుతుంది. అందుకని కాలువ నీటిని చెరువులలో నింపుకుని తాగుతాం. బందరుకు నీరిచ్చే తరకటూరు చెరువు అటువంటిదే. ఆ నీరు మన దాకా వచ్చేలోగా ఊళ్ల మురుగు, గేదెలను కడిగిన నీరు దానిలో కలుస్తాయి. 1977 నవంబరు 19 ఉప్పెనలో మంచినీటి బావులు, చెరువులు ఉప్పునీటి పాలైన సంగతి దివిసీమ పెద్దలకు ఇంకా గుర్తే.

కనుక మన నీటిలో ముఖ్యంగా మూడు ఇబ్బందులు: మట్టి, సూక్ష్మజీవులు, ఉప్పు. ఒకదాని మందు మరొకదానికి పనికిరాదు. పటిక గాని, మన అమ్మమ్మలు బిందెలో అరగదీసిన చిల్లగింజ గాని మట్టిని అడుక్కి దింపుతుంది. అంతమాత్రాన క్రిములన్నీ చావవు. కాచితే క్రిములు చస్తాయి, ఉప్పు పోదు. ఉప్పు పోవాలంటే ఇళ్లలో వాడే వాటిలో ఆర్వో యంత్రమే దారి.

శక్తితో శుద్ధి జరగదా?

జరుగుతుంది. పొయ్యి మీద కాచడం శక్తే. యూవీ దీపం కిరణాలు క్రిముల లోపలికి పోయి అవి పెరగకుండా చేస్తాయి. ఆర్వో యంత్రం నీటిని ఒత్తిడితో సన్నని పొర గుండా నెడుతుంది. వీటన్నిటికీ గ్యాసో కరెంటో కావాలి. కరెంటు పోతే యూవీ దీపం ఆగిపోతుంది. గాజు బిళ్లకు గ్యాసు లేదు, కరెంటు లేదు. అది మందులా కరిగి నీటిలో కలిసేదీ కాదు. మరి క్రిమిని చంపేది ఏది?

"నీటికి జ్ఞాపకశక్తి ఉంది, శక్తిని గుర్తుంచుకుంటుంది" అంటారు. 1988లో బెన్వెనిస్ట్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఇటువంటి ఫలితాన్నే నేచర్ పత్రికలో ప్రకటించారు. ఆ పత్రిక పంపిన బృందం ఏ గొట్టంలో ఏముందో ప్రయోగం చేసేవారికి తెలియకుండా సంకేతాలు వేసి మళ్లీ చేయించింది. ఆ ఫలితం రాలేదు.

మన తెలుగువారిలో బాగా తిరిగిన వస్తువు క్యూనెట్ సంస్థ బయోడిస్క్. ఆ సంస్థ గొలుసుకట్టు వ్యాపారంపై 2019లో సైబరాబాద్ పోలీసులు కేసులు పెట్టి పలువురిని అరెస్టు చేశారు. ఆరోపణలను సంస్థ ఖండించింది. కేసుల సంగతి కోర్టులు చూస్తాయి. మనం చూడవలసింది ఒక్కటే: నీటిలోని క్రిములు చచ్చాయా, లేదా?

కళ్లెదుట చూపించినా నమ్మవద్దు

కొందరు మీ కుళాయి నీటిలో కరెంటు కడ్డీలు పెట్టి, నీరు గోధుమరంగుకు తిరగగానే "చూశారా మురికి!" అంటారు. ఆ రంగు చాలావరకు కడ్డీలోని ఇనుము కరిగి వచ్చినదే. లవణాలు లేని నీటిలో కరెంటు సరిగా పారదు కనుక రంగు రాదు. నీటి రుచి మారిందనిపించడం కూడా రుజువు కాదు.

అసలు రుజువుకు హెచ్‌2ఎస్ సీసా ఉంది. సీసాలో నీరు పోసి ఉంచితే, మలం కలిసిన నీరు ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. ఒకే బిందెలోని నీటిని బిళ్ల మీదుగా ఒక సీసాలో, నేరుగా మరొక సీసాలో పోసి పోల్చండి. గ్రామీణ నీటి సరఫరా విభాగం వారిని అడిగితే ఈ పరీక్ష గురించి చెబుతారు.

నష్టం ఎక్కడ?

పోయిన వేల రూపాయలు మళ్లీ సంపాదించుకోవచ్చు. బిళ్లను నమ్మి నీరు కాచడం మానేస్తేనే అసలు ప్రమాదం. విరేచనాలు, టైఫాయిడ్, పచ్చకామెర్లు ముందు పట్టేది ఆ ఇంటి పసివాళ్లనూ గర్భిణులనూ. బిళ్ల నీళ్లతో షుగరు, బీపీ, కిడ్నీ రాళ్లు తగ్గుతాయని మందులు ఆపేవారికి ఇంకా ప్రమాదం. ఈ జబ్బులు నయం చేస్తామని ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది.

ఇంట్లో ఇలా చేయండి

• మట్టినీటిని పటికతో తేర్చి, వడగట్టండి. తరువాత తెర్లేలా కాచి, ఒక నిమిషం అలాగే మరగనిచ్చి, మూతపెట్టి చల్లార్చండి.
• కాచడం కుదరకపోతే క్లోరిన్ బిళ్లలు ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం వేసి, అరగంట ఆగి తాగండి.
• బిందెలో చేయి ముంచవద్దు. పొడవు కాడ గరిటెతో తీయండి.
• యూవీ, ఆర్వో యంత్రాలు ఉంటే దీపం, ఫిల్టరు గడువు ప్రకారం మార్పించండి.
• బిడ్డకు విరేచనాలైతే వెంటనే ఓఆర్ఎస్ మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపవద్దు. కళ్లు లోతుకు పోయినా, మత్తుగా ఉన్నా, తాగలేకపోయినా, మలంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఇప్పటికే బిళ్ల కొన్నవారు సిగ్గుపడనక్కర్లేదు. అది బీరువాలో ఉన్నా నష్టం లేదు. రేపటి నుండి నీరు మాత్రం కాచి తాగండి. అమ్మజూపిన బంధువుకు కూడా ఈ సంగతి నెమ్మదిగా చెప్పండి. వారింట్లోనూ పిల్లలున్నారు.