సముద్రంలో ఉక్కు కాళ్లు: గడువు దాటినా నిలబడతాయా?

జంషెడ్‌పూర్‌లో సముద్రం కనిపించదు. అయినా సముద్రంలో నిలబెట్టిన ఉక్కు ఎంతకాలం మన్నుతుందనే ప్రశ్నతో ఆ ఊరికి దగ్గరి సంబంధం ఉంది. 1950 నవంబరు 26న నెహ్రూ ప్రారంభించిన జాతీయ లోహ పరిశోధనశాల (ఎన్‌ఎంఎల్) అక్కడే ఉంది. లోహం ఎలా తుప్పు పడుతుంది, ఎందుకు పగుళ్లిస్తుంది, పాతబడిన భాగానికి ఇంకెంత ఆయుష్షు మిగిలింది అనేవి ఈ సంస్థ దశాబ్దాలుగా పరిశోధిస్తున్న విషయాలు. ఉప్పు గాలిలో లోహాల తీరును గమనించేందుకు బెంగాల్ తీరంలోని దీఘాలో ఒక కేంద్రాన్నీ నడిపింది.

ఈ ప్రశ్న ఇప్పుడు మరింత ముఖ్యం. ముంబై హైలో చమురు బయటపడింది 1974లో. అక్కడి చాలా ప్లాట్‌ఫాంలను సుమారు 25 ఏళ్ల కోసం డిజైన్ చేశారు. గడువు దాటినవి ఎన్నో ఇంకా పనిచేస్తున్నాయి. వాటిని తొలగించాలా, కొనసాగించాలా? వాటి మీద పనిచేసే సిబ్బంది ప్రాణాలు ఈ నిర్ణయం మీదే ఆధారపడి ఉంటాయి.

ఇంజినీర్లు ముందుగా వేసుకునే ప్రశ్న ఒక్కటే: అలలు, గాలి కలిగించే భారం కట్టడం బలాన్ని మించే అవకాశం ఎంత? ఈ రెండూ కచ్చితంగా తెలియవు కాబట్టి లెక్క సంభావ్యతలోనే వస్తుంది. వందేళ్లకోసారి వచ్చేంత పెద్ద అలనే తీసుకోండి. ఏ ఒక్క ఏడాదిలోనైనా అది వచ్చే అవకాశం 1 శాతమే. కానీ 30 ఏళ్లు నిలబడే కట్టడం దాన్ని ఒక్కసారైనా ఎదుర్కొనే అవకాశం దాదాపు 26 శాతం.

బలం కూడా ఏటా ఒకేలా ఉండదు. నీరు తగులుతూ, ఆరుతూ ఉండే మట్టం దగ్గర తుప్పు ఎక్కువ. మరోవైపు రోజుకు వేలసార్లు తగిలే అలల వల్ల వెల్డింగ్ అతుకుల్లో సన్నని పగుళ్లు మొదలవుతాయి. దీన్నే ఫెటీగ్ అంటారు. వెల్డింగ్ అతుకుల ఆయుష్షు సాధారణంగా ఒత్తిడి ఘనానికి విలోమంగా మారుతుంది. అంటే తుప్పు వల్ల గొట్టం గోడ మందం 10 శాతం తగ్గితే, అక్కడ ఒత్తిడి 11 శాతం పెరిగి, ఫెటీగ్ ఆయుష్షు నాలుగో వంతుకు పైగా పడిపోతుంది.

1980 మార్చి 27న ఉత్తర సముద్రంలో అలెగ్జాండర్ కీలాండ్ ప్లాట్‌ఫాం తిరగబడి 123 మంది చనిపోయారు. ఒక చిన్న పరికరాన్ని అమర్చడానికి వేసిన వెల్డింగ్ దగ్గర మొదలైన ఫెటీగ్ పగులు దీనికి మూలం. ఒక అడ్డుదూలం తెగాక ఆ కాలిని పట్టుకున్న మిగతావీ వరసగా తెగిపోయాయి. ఒకటి పోతే భారం మోయడానికి మరొకటి ఉందా అన్నది అందుకే ఇప్పుడు తప్పనిసరి ప్రశ్న అయింది.

తనిఖీలో అల్ట్రాసోనిక్ పరికరంతో గోడ మందం కొలుస్తారు. డైవర్లు, రిమోట్ వాహనాలు నీటి అడుగున అతుకులను చూస్తాయి. బోలు గొట్టంలో నీరు చేరిందంటే ఎక్కడో పగులు ఉన్నట్టే. ఆ కొలతలతో కంప్యూటర్‌లో భారం పెంచుకుంటూ పోయి కట్టడం ఎక్కడ కూలుతుందో చూస్తారు. పగులు కనబడకపోతే అంచనా మెరుగవుతుంది, కనబడితే మరమ్మతు లేదా త్వరలో మరో తనిఖీ.

తీరపు గోడలకూ ఇదే తర్కం వర్తిస్తుంది. కాకినాడ దగ్గర ఉప్పాడలో వేసిన రక్షణలను అలలు పదేపదే దెబ్బతీశాయి. అలాంటి చోట రాళ్లు ఎంత గట్టివైనా, వాటి కింది ఇసుక కొట్టుకుపోతే గోడ జారిపోతుంది. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ వంటి తుపాను, అంతవరకు ఎవరూ పట్టించుకోని ఇలాంటి బలహీనతలను ఒక్కరోజులో బయటపెట్టగలదు.

ఎంత మంచి సూత్రమైనా అందులో వేసిన కొలతను బట్టే ఫలితం. తనిఖీని వాయిదా వేసి, పాత మందంతోనే లెక్క కడితే కాగితం మీద కట్టడం భద్రంగానే కనిపిస్తుంది. గడువు పొడిగించే ప్రతి ఫైలులోనూ ముందు చూడాల్సింది చివరి కొలత తీసిన తేదీ.