రాచపుండు – మద్యపానము

విశాఖపట్టణము మొదలుకొని ఉత్తరముగా సాగిన సముద్రతీరమున, చుట్ట వెలిగించి నిప్పుకొనను నోటిలోనికి త్రిప్పి కాల్చుట స్త్రీలకు చిరకాలపు అలవాటు. దీనిని అడ్డపొగ యందురు. కడలిగాలికి చుట్ట ఆరదు; నుసి ఒడిలోని బిడ్డపై రాలదు; ఒక్క చుట్ట చాలసేపు వచ్చును. ఇన్ని సౌకర్యములు గల అలవాటునకు చెల్లింపవలసిన వెల యెంతయో వైద్యులు ఆ స్త్రీల అంగిట చదివిరి. గట్టి అంగిలికి కాన్సరు వచ్చుట లోకమున అరుదు. ఈ తీరమున అరుదు కాదు. కోస్తా ఆంధ్రమున ఈ వ్యాధికి అడ్డపొగయే కారణమని 1957లో డి.జి. రెడ్డి, వి.కె. రావు అను వైద్యులు ప్రకటించిరి. పిమ్మట బొంబాయి టాటా పరిశోధనాలయము వారును, డెన్మార్కు పండితుడు పిండ్‌బోర్గును కలిసి శ్రీకాకుళము జిల్లా గ్రామములలో 10,169 మంది నోళ్ళు పరీక్షించిరి. 1971లో వెలువడిన ఆ నివేదిక ప్రపంచ వైద్యశాస్త్రమున స్థిరముగా నిలిచిపోయినది.

ఒక అలవాటు రాచపుండును ఎట్లు పుట్టించునో ఇంత సూటిగా చూపిన సీమలు కొద్ది. అట్టి సీమలో మద్యమును గూర్చి అదే మాట నేటికిని గట్టిగా వినబడకపోవుట వింత.

మద్యమును గూర్చి ఆంధ్రులు తక్కువ మాటలాడిరని కాదు. మద్యనిషేధము ఎత్తివేయవలెనన్న రామమూర్తి సంఘము సిఫారసును అంగీకరింపనందుకు, 1954 నవంబరు 6న ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము ఒక్క ఓటు తేడాతో కూలినది. గీతపనివారి బ్రతుకుతెరువు, ఖజానా రాబడి, దొంగసారా, గాంధీమహాత్ముని ఆశయము – వాదములన్నియు వీని చుట్టే తిరిగినవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణముపై తిరుగబడినప్పుడు వారి నోట వచ్చినవి కూలిడబ్బులు, దెబ్బలు, పస్తులు. అవి చాలినంత బలమైన మాటలే. 1993 అక్టోబరు 1న సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చుటకు అవియే మూలము. 1997లో ఆ రెండవది సడలిపోయినది. కాని ఇంత పోరాటములోను రాచపుండు ప్రసక్తి ముందునకు రాలేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన లియోన్ నగర కాన్సరు పరిశోధనసంస్థ, మద్యము మనుష్యులకు కాన్సరు కలిగించునని నిర్ధారణ చేసినది 1988లో. దూబగుంటకు నాలుగేండ్లు ముందే వెలువడిన తీర్పు అది. ఆ దుకాణము వాకిటికి చేరలేదు.

ఇది జరుగు విధము తెలిసికొనుట కష్టము కాదు. మత్తు గొలుపు పదార్థము ఇథైల్ ఆల్కహాలు. కాలేయము దానిని మొదట ఎసిటాల్డిహైడుగను, తరువాత ఎసిటేటుగను మార్చును. చెరుపులో పెద్దభాగము నడుమనున్న ఎసిటాల్డిహైడుది. అది కణములోని డి.ఎన్.ఏ.ను పట్టుకొని దాని వ్రాతను చెరచును. చెరిగిన వ్రాతను సరిదిద్దు ఏర్పాటునకును అడ్డుపడును. ఈ మార్పు కాలేయమునందే జరుగుననుకొనరాదు. నోటిలోని సూక్ష్మజీవులును ఇదే పని చేయును గనుక గుటక దిగునంతలోనే లాలాజలమున విషము పుట్టుచుండును. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక – మద్యము పారు త్రోవ యంతయు దెబ్బతినును. ఆ త్రోవకు ఆవల కాలేయము, పెద్దప్రేవు, స్త్రీల రొమ్ము కలవు. రొమ్ము విషయమున మద్యము ఈస్ట్రోజెన్ పాళ్ళను పెంచుట మరియొక కారణము. దినమునకు 10 గ్రాముల ఆల్కహాలు చొప్పున పెరిగినకొలది అపాయము నూటికి సుమారు 7 వంతులు పెరుగునని 2002లో లెక్క తేలినది. 2020లో ప్రపంచమున మద్యము మూలముగా కలిగిన క్రొత్త కాన్సరులు 7 లక్షల 40 వేలని అంచనా.

ఓడరేవున బరువులు మోసినవాడును, ఉక్కు కర్మాగారమున కొలిమివేడికి రాత్రి షిఫ్టు నిలిచినవాడును "ఒళ్ళు నొప్పులకు కొంచెము మందు" అందురు. తెలుగువారు మద్యమునకు పెట్టిన ఈ మారుపేరు బహు గడుసుది. రోగము కుదుర్చునది మందు, పురుగులను చంపునది మందు, తుపాకిలో దట్టించునది మందు; సీసాలోనిది వీనిలో దేని సాటియో త్రాగువాడు ఎంచుకొనిన అర్థమును బట్టి యుండును.

మరియొక భ్రమ సరుకును గూర్చినది. నాటుసారాయే ప్రమాదమనియు, సీలు వేసిన సీసా క్షేమమనియు, బీరు మరి తేలిక యనియు గాజువాక మొదలు పాతపట్టణము వరకు నమ్మువారు కలరు. కల్తీసారా ఒక్క రాత్రిలో చంపవచ్చును. అది వేరు సంగతి. కాన్సరు విషయమున లెక్కకు వచ్చునది ఆల్కహాలు బరువు మాత్రమే. నూటికి 8 వంతుల ఘాటుగల 650 మిల్లీలీటర్ల బీరుసీసాలో సుమారు 41 గ్రాముల ఆల్కహాలు కలదు. 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులు మూడు కలిపినను సుమారు 30 గ్రాములే. తాటికల్లు చెట్టునుండి దిగినదే యైనను, పులిసినంత మేరకు ఈ లెక్కలోనిదే.

వీనియన్నిటికంటె భయంకరమైనది చుట్టకును గ్లాసుకును గల స్నేహము. మద్యము నోటిపొరను పలుచబరచి పొగాకు విషములకు దారి తెరచును. ఫ్రాన్సు దేశపు బ్రిటనీ సీమలో అన్నవాహిక కాన్సరును గూర్చి టుయిన్స్ మొదలగువారు 1977లో ప్రకటించిన పరిశోధనలో, రెండు అలవాట్లును మితిమీరినవారికి అపాయము రెండును మితముగా నున్నవారికంటె 40 రెట్లకు పైగా నుండెను. కూడిక కాదు, హెచ్చవేత! బీడీయు సీసాయు ఒకే దుకాణపు నీడన సాగు నగరమునకు ఈ లెక్క మిక్కిలి దగ్గరిది.

సిగరెట్టు పెట్టెపై భయానకమైన బొమ్మ కలదు. మద్యపుసీసాపై 2019 నుండి ముద్రింపవలసిన హెచ్చరికలో ఆరోగ్యమునకు హాని యన్న సామాన్యవాక్యమును, త్రాగి వాహనము నడుపరాదన్న హితవును మాత్రమే కలవు. రహదారి జ్ఞాపకమునకు వచ్చినది, గొంతు రాలేదు. ఐర్లండు 2023లో కాన్సరు పేరెత్తి హెచ్చరిక వ్రాయవలెనని నియమము చేసి, అమలును 2028కి వాయిదా వేసికొనినది. ఖజానాకు మద్యముపై గల మమకారము ఏ ఒక్క దేశపు సొత్తును కాదు.

అడ్డపొగ కథలో రెండవ భాగము కూడ కలదు. టాటా పరిశోధకులు శ్రీకాకుళము గ్రామములకు ఏటేట తిరిగి, నోళ్ళు పరీక్షించుచు, చుట్ట మానుమని చెప్పుచు వచ్చిరి. కొందరు మానిరి, కొందరు తగ్గించిరి. కాన్సరునకు ముందు కనిపించు మచ్చలును తగ్గినవని 1986లో ప్రకటించిరి. మద్యము మానినను తగ్గించినను నోటి కాన్సరు, అన్నవాహిక కాన్సరు అపాయము తగ్గునని లియోన్ సంస్థ 2023లో తేల్చినది. టాటా మెమోరియల్ సెంటరు నడుపు హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి నేడు విశాఖలో, ఉక్కునగరమునకు చేరువ అగనంపూడియందు కలదు.